గాలి పంపకం

మొగలిదీవిలో టీ పోయడం కూడా విదేశాంగ వ్యవహారమే. చలువబాట ప్రయోగశాల క్యాంటీన్‌లో వరాలమ్మ రెండు చేతులతో రెండు కెటిళ్లు ఎత్తి, ఇద్దరు విదేశీ పరిశీలకుల కప్పుల్లో ఒకేసారి ధార వదులుతుంది. ఒకాయనకు ముందు పోస్తే రెండో ఆయన ఏమీ అనడు, పాపం. కానీ సాయంత్రానికల్లా ఆయన దేశపు రాయబారి నుంచి అధ్యక్షుడికి ఫోనొస్తుంది. ఒకసారి వచ్చింది కూడా. అప్పట్నుంచి రెండు కెటిళ్లు.

దీవి ఉన్న చోటు అలాంటిది. ఉత్తరాన సముద్రం దాటితే ఒక మహారాజ్యం, దక్షిణాన దాటితే ఇంకొకటి. రెండింటికీ ప్రపంచం జడిసే పెద్ద పేర్లున్నాయి గానీ, ఎప్పుడో కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కి చెరుకు తోటల్లో పనికొచ్చిన వాళ్ల మునిమనుమలకు అవి ఎగువ దేశం, దిగువ దేశం, అంతే. దీవికి రేవు కట్టింది ఎగువ వాళ్లు, కరెంటు ఇచ్చింది దిగువ వాళ్లు. బియ్యం ఒకరి ఓడలో వస్తే మందులు ఇంకొకరి ఓడలో వస్తాయి. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అడకత్తెరలో పోకచెక్కలా బతకడం దీవికి ఎంత అలవాటైపోయిందంటే, అధ్యక్షుడు ఉత్తరం వైపు తిరిగి తుమ్మితే వెంటనే దక్షిణం వైపు తిరిగి దగ్గుతాడని బడిపిల్లలు కూడా ఆటపట్టిస్తారు.

చలువబాట మాత్రం దీవి సొంత బుర్రలోంచి పుట్టింది. ఆ బుర్ర నూకరత్నానిది. తూర్పు ఒడ్డున గవ్వలపేట జాలరుల పిల్ల. బళ్లో ఉండగానే ఒక తుఫాను ఆమె తండ్రిని పడవతో సహా తీసుకుపోయింది. తుఫానుకు బలం వేడెక్కిన సముద్రం నుంచి వస్తుందని పాఠంలో విన్న రోజున, అయితే సముద్రాన్ని చల్లబరిస్తే పోతుంది కదా అని లేచి అడిగింది. మాస్టారితో సహా క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు జీవితమంతా బాగానే పనికొచ్చింది.

ఇప్పుడు తూర్పు సముద్రంలో వేల గొట్టాలు బారులు తీరి నిలువుగా తేలుతుంటాయి. ఒక్కొక్కటి పది తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత పొడవు. ప్రయోగశాలలో మీట నొక్కితే వాటి మూతలు తెరుచుకుంటాయి. అల లేచినప్పుడల్లా అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చి పరుచుకుంటుంది. పశువు మేత ఉన్న వైపే తిరిగినట్టు, తుఫాను ఆ చల్లటి బాటను వదిలి వెచ్చటి నీటి వైపు ఒరుగుతుంది. గొట్టాలకు డబ్బు సగం ఎగువ, సగం దిగువ ఇచ్చాయి. అందుకే ఆ పరిశీలకులు. ఎగువ ఆయన ఓరెన్, దిగువ ఆయన లువాన్. ఏ మీట ఎటు నొక్కుతున్నారో చూడటమే వాళ్ల ఉద్యోగం. ఇన్నేళ్లుగా ఏ తుఫాను పుట్టినా రత్నం దాన్ని దూరాన ఉండగానే మళ్లించి, మనిషి పొడ లేని నీళ్లలోకి తోలేస్తూ వచ్చింది. ఎవరికీ నష్టం లేదు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు.

ఆ కార్తీకంలో పుట్టిన తుఫాను మాత్రం మర్యాద తప్పింది.

"మేడమ్, ఇది దూరపు బారుకి ఇవతల పుట్టిందండి," అన్నాడు రత్నం దగ్గర పనిచేసే ఇంజినీరు సింహాద్రి. పొద్దున్నే వచ్చిన ఉపగ్రహం బొమ్మను తెర మీద పెద్దది చేశాడు. దూరపు గొట్టాల మూతలన్నీ తెరిచి చూశాడు కూడా. తుఫానుకు వాటితో పనే లేదు, అవి దానికి వెనకే ఉండిపోయాయి. ఇక మిగిలింది ఒడ్డుకు దగ్గరగా, ఉత్తరం పక్కన ఉన్న బారు ఒక్కటే.

రత్నం వేలితో తెర మీద గీసింది. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే తుఫాను దీవికి ఉత్తరంగా పోయి ఎగువ వాళ్ల రేవు నగరం మీద పడుతుంది. ఉత్తరపు బారు తెరిచి ఉంచితే అది దక్షిణానికి ఒరిగి, దీవిని తప్పించుకుని దిగువ వాళ్ల ఒడ్డు మీద పడుతుంది. ఖాళీ సముద్రం ఈసారి ఎటూ లేదు.

వెనక కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు పరిశీలకులూ ఆ వేలునే చూశారు. ఇద్దరూ ఒకేసారి ఫోన్లు తీసుకుని వరండాలోకి వెళ్లారు. వాళ్లు కలిసి చేసిన మొదటి పని అదే.

మధ్యాహ్నానికి అధ్యక్షుడు సోమలింగం ఆమెను పిలిపించాడు. రాజకీయాల్లోకి రాకముందు ఆయన హెడ్మాస్టరు. ఇప్పటికీ ఎదుటివాళ్లను కూర్చోబెట్టి, తాను మాత్రం నిలబడే మాట్లాడతాడు.

"ఎగువ రాయబారి ఇందాకే వెళ్లాడమ్మా. నగరంలో లక్షల మంది ఉన్నారు, మళ్లించే యంత్రం చేతిలో పెట్టుకుని మళ్లించకపోతే చంపినట్టే అన్నాడు. ఆయన కారు గేటు దాటకముందే దిగువ రాయబారి వచ్చాడు. ప్రకృతి పంపినదాన్ని మీరు మా మీదికి పంపితే అది యుద్ధమే అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరి మాటలోనూ న్యాయముంది, అదే నా ఖర్మ."

"యంత్రం లేని రోజుల్లో అయితే దేవుడి మీద వేసేవాళ్లమండి," అంది రత్నం.

"ఇప్పుడు దేవుడు తప్పుకున్నాడు. అది ఎటు పోయినా మనం పంపినట్టే లెక్క. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు తల్లీ. శాస్త్రం నీది, పాపం నాది."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ పాపం అలా ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదికి మారే మూట కాదని రత్నానికి తెలుసు.

ప్రయోగశాలకు తిరిగి వెళ్లాల్సిన జీపును ఆమె గవ్వలపేటకు మళ్లించింది. తుఫాను ఎటు పోయినా దాని చెయ్యి కొంత తూర్పు ఒడ్డుకు తగలకపోదు, పడవలు పైకి లాక్కోమని అన్న యల్లాజీకి చెప్పాలి. పైకి అనుకున్న కారణం అది. లోపల ఉన్నది, అన్న మొహం చూడాలని.

ఒడ్డున పెద్దవల అప్పుడే లాగారు. మూడు పడవల వాళ్లు కలిసి వేసిన వల. పేటకు పెద్ద కాబట్టి పంపకం యల్లాజీదే. కానాగంతలు, వంజరాలు, చిల్లర చేప అన్నీ కలిపి ఇసుక మీద మూడు కుప్పలు పోశాడు. చుట్టూ పేటంతా నిలబడి చూస్తోంది. రెండో పడవ ఎర్రయ్య కుప్పల చుట్టూ తిరిగి మూతి ముడిచాడు.

"ఈ కుప్పలో సిల్లర సేపే ఎక్కువుంది యల్లాజీ."

"అయితే అది ఒగ్గేసి ఇది తీసుకో."

"ఇదీ అలాగే ఉంది."

"అయితే ఆ మూడోది తీసుకో. మీ ఇద్దరూ తీసుకున్నాకే గదా నాది."

ఎర్రయ్య ఇంకోసారి కుప్పల చుట్టూ తిరిగాడు. మొదట వద్దన్న కుప్పనే బుట్టలోకి ఎత్తుకున్నాడు. మూడో పడవ వాళ్లు తమకు నచ్చినది తీసుకున్నారు. మిగిలినదాన్ని, అదెలా ఉందో చూడనైనా చూడకుండా, యల్లాజీ తన గంపలో వేసుకున్నాడు. పంచినవాడు ఆఖరి కుప్ప తీసుకోవాలి. పేటలో పుట్టిన పసివాడికి కూడా తెలిసిన సంగతి. రత్నం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం అన్న గంప మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"ఏటే అలాగున్నావు? తిన్నావా?" అన్నాడు అన్న, చేతులు సముద్రంలో కడుక్కుంటూ.

"గాలొస్తన్నాది అన్నియ్యా."

"ఆకాసం సూస్తే తెల్దేటి? నీ గొట్టాలున్నాయి గదా."

"ఈపాలి ఖాళీ సముద్రంలోకి తోలనేను. ఒగ్గేస్తే ఎగువోల్ల నగరం మీద పడతాది. తిప్పితే దిగువోల్ల ఒడ్డు మీద పడతాది."

యల్లాజీ చేతులు తుండుకు తుడుచుకున్నాడు. తొందరపడి మాట్లాడే మనిషి కాదు.

"ఆ నగరాన్ని ఖాళీ సేయించనేరా?"

"లచ్చల మంది. అంత టైము నేదు."

"దిగువ ఒడ్డునో?"

"మనలాటోల్లే. ఎక్కడానికి మెట్టయినా నేదు."

"మనకి కొండుంది," అన్నాడు యల్లాజీ. తలెత్తి దానికేసి చూసి, "మద్దిన మనమున్నాం గదా. మద్దికి తేనేవేటి?" అన్నాడు.

తేగలదు. ఉత్తరపు బారు తెరిచి, తుఫాను దీవికి ఎదురుగా ఒరిగాక మూతలు మూసేస్తే అది నేరుగా తూర్పు ఒడ్డుకే వస్తుంది. దీవి నడుమనున్న కొండకు కొట్టుకుని నడుం విరుగుతుంది. కొండకు ఈ పక్క కొన్ని వందల గడపలే ఉన్నాయి. వాళ్లను కొండమీది బడికి చేర్చవచ్చు. ఆ లెక్క పొద్దున తెర మీద గీసిన వేలికి తెలుసు. వేలు అక్కడ ఆగకుండా రెండుసార్లు పక్కకు జరిగింది, అంతే.

"ఇల్లు ఉండవన్నియ్యా. పడవలుండవు. పేటే ఉండదు."

"మీట ఎవులి సేతిలో ఉంది?"

"నా సేతిలోనే."

"మరి పంచీదానివి నువ్వే అయితే, ఇంకేటి అడుగుతావు నన్ను?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఒక్క మాట. పంపకం పది మందీ సూస్తుండగా సెయ్యాల. గాలి దానంతటదే వస్తన్నాదని సెప్పమంటారు మీవోల్లు. నువ్వలా సెప్పకు. ఒడ్డు మీద నిలబడి, నానే తెస్తన్నానని సెప్పు."

రత్నం తిరిగి వెళ్లి చెప్పింది విని, అధ్యక్షుడు కిటికీ దగ్గరికి నడిచాడు. ఆయన కార్యదర్శి మాత్రం జనానికి నిజం చెప్పొద్దనీ, తుఫాను వస్తోందని మాత్రం ప్రకటిద్దామనీ అన్నాడు. రత్నం ఒప్పుకోలేదు. "పరిశీలకులు ఇద్దరూ గదిలో కూర్చుని చూడాలి. పేట వాళ్లకు నేనే చెప్పాలి. అలా అయితేనే మీట ముట్టుకుంటానండి," అంది. హెడ్మాస్టరు ముందు క్లాసు పిల్ల అలా మాట్లాడటం ఆయనకు కొత్త. తల ఊపాడు.

సాయంత్రం వలల పాక దగ్గర ఆమె చెప్పింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ముసలి పోలమ్మ ముందుకొచ్చి, "నాను గోడలు మెత్తి కట్టుకున్న ఇల్లే అది. నా ఇల్లు గాలికిచ్చీడానికి నువ్వెవులివే?" అని అడిగింది. రత్నం తల దించుకుని నిలబడింది. ఎర్రయ్య బూతులు తిట్టాడు. యల్లాజీ అందరి తిట్లూ అయ్యేదాకా ఊరుకుని, "పొద్దున్నే జీపులొస్తాయి. ముందు పిల్లలు, తల్లులు. ఆఖరి జీపులో నానొస్తాను," అన్నాడు. ఆయన భార్య దేముడమ్మ ఇంటికి వెళ్లి చాపలు చుట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న ప్రయోగశాలలో వరాలమ్మ టీ పోయడానికి రాలేదు. ఆమె కూడా పిల్లల్ని తీసుకుని బడికి వెళ్లింది. సింహాద్రే ఒక కెటిల్‌తో టీ పట్టుకొచ్చి, ముందు ఎవరికి పొయ్యాలో తెలియక నిలబడ్డాడు. ముందు లువాన్‌కే పొయ్యమన్నట్టు ఓరెన్ తన కప్పును పక్కకు జరిపాడు. ఆయన నగరం అప్పటికే గండం దాటింది. రాత్రంతా ఉత్తరపు బారు తెరిచే ఉంచారు, తుఫాను ఒరగాల్సినంత ఒరిగింది. ఇక మూతలు మూసే సమయం దగ్గర పడుతోంది. ఆలస్యమైతే అది ఇంకా ఒరిగి దీవిని దాటిపోతుంది.

బడి నుంచి ఫోనొచ్చింది. సింహాద్రి మాట్లాడి, పెట్టేశాక కూడా ఫోను మీద చెయ్యి తియ్యలేదు.

"మేడమ్, మీ అన్నగారు బడికి రాలేదటండి. పోలమ్మ ఇంట్లో తలుపు గడియ వేసుకుని కూర్చుందట. ఆమెను ఒప్పించి ఆఖరి జీపులో తన చోట కూర్చోబెట్టారట. నడిచి వస్తానన్నారట. దారిలో చెట్లు పడిపోయాయి. జీపు వెనక్కి వెళ్లలేకపోయిందండి."

రత్నం తల ఎత్తింది. తెర మీద తుఫాను కన్ను గవ్వలపేటకు ఎదురుగా ఉంది. దానికి కింద, దక్షిణాన, దిగువ వాళ్ల ఒడ్డు మీద ఒక ఊరి గుర్తుగా చిన్న చుక్క.

సింహాద్రి గొంతు తగ్గించాడు. "కాసేపు ఆగుదామండి. మూతలు మొరాయించాయని చెబుదాం. యంత్రమన్నాక మొరాయించదా?"

ఆగితే చాలు. ఏమీ చెయ్యనక్కర్లేదు. చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అన్న బతుకుతాడు. తండ్రి పోయాక తనను చదివించడానికి తన చదువు మానేసి వల పట్టిన అన్న. రత్నానికి ఏడుపు రాలేదు, భయం వేసింది. తన మీద తనకే భయం. వెనక్కి తిరిగి చూసింది. సింహాద్రి గొణిగిన తెలుగు లువాన్‌కు అర్థం కాలేదు గానీ తెర అర్థమైంది. చుక్క వైపు చూస్తున్నాడు. లేచి అడ్డం రాలేదు, ఫోను తియ్యలేదు. కప్పు పట్టుకున్న చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. 

"ముయ్యి," అంది రత్నం.

సింహాద్రి కదల్లేదు. ఆమే లేచి వెళ్లి మీట నొక్కింది. మూతలన్నీ ఒకటొకటిగా మూసుకుంటున్నట్టు తెర చెబుతుంటే, ఆమె ఆ వేలిని చీర కొంగుతో తుడుచుకుంది. తర్వాత కూడా తుడుస్తూనే ఉంది.

తుఫాను గవ్వలపేట మీదుగా వచ్చి, కొండకు కొట్టుకుని, సాయంత్రానికి వానగా మారి వెలిసిపోయింది. గవ్వలపేట ఉన్నచోట సముద్రం ఉంది. బడిలో ఉన్నవాళ్లంతా బతికారు. యల్లాజీ మర్నాడు దొరికాడు, కొండ దారి మొదట్లో, పడిపోయిన మొగలి పొదల్లో. కొండదాకా వచ్చేశాడు.

ఆ వారంలోనే ఎగువ నుంచి ఒకటి, దిగువ నుంచి ఒకటి సహాయం ఓడలు వచ్చాయి. ముందొచ్చినదాన్ని రేవు బయటే ఆపి, రెండోది వచ్చాక రెంటినీ పక్కపక్కనే లోపలికి రానిచ్చారు. రాయబారులు ఇద్దరూ ఒకే కొలత పూలదండలు తెచ్చారు. ఇద్దరూ నిజంగానే బాధపడ్డారు. దీవికి వాళ్లిద్దరితోనూ పేచీ లేదు. 

అన్న దినం అయ్యాక రత్నం బడికి వెళ్లింది. దేముడమ్మ ఒక తరగతి గది మూల చాప మీద కూర్చుని ఉంది. పక్కన పోలమ్మ గోడకు తిరిగి పడుకుని ఉంది. రత్నం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మీ అన్న రానేదని నాను ఫోను సేయించినాను," అంది దేముడమ్మ. "నీకు సెప్పినారా?"

"సెప్పినారు వదినా."

"అప్పటికింకా తిప్పడానికి అయ్యీదా?"

కాదని చెబితే ఇద్దరికీ సుఖం. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అన్న ఒడ్డు మీద చేతులు తుడుచుకుంటూ అన్న మాట దాన్ని బయటికి రానివ్వలేదు.

"అయ్యీది. నాను మూతలు ముయ్యకుండా ఉంటే సాలు, తప్పిపోయీది."

పోలమ్మ వీపు ఒక్కసారి కదిలింది. దేముడమ్మ మాత్రం కదల్లేదు.

"తప్పిపోయి ఎటెల్లీది?"

"దచ్చినానికి. దిగువోల్ల ఒడ్డుకి."

"అక్కడేటుంది?"

"పల్లొకటుంది. మనలాటిదే. జాలరోల్లే ఉంటారు."

"దాని పేరేటి?"

రత్నానికి తెలీదు. తెర మీద దాన్ని అంతసేపు చూసింది, పేరుంటుందని కూడా తోచలేదు. "తెల్దు వదినా," అంది. ఆ ఒక్క మాటకు, అన్నాళ్లూ రాని ఏడుపు వచ్చింది.

దేముడమ్మ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత చాప మీద కొంచెం జరిగింది.

"కూకో," అంది. "కూకుని, ఆ తరవాత ఎల్లి కనుక్కో. మీ అన్న ఎవులి బదులు పోయినాడో నాకు పేరు తెలవాల."

ప్రయోగశాలలో పటాల మీద ఆ పల్లెకు అంకె ఉంది గానీ పేరు లేదు. రత్నం లువాన్‌ను అడిగింది. ఆయనకూ తెలీదు. ఒడ్డున ఉన్న ఊళ్ల పేర్లు పరాయి దేశానికి చెప్పాలంటే పైనుంచి అనుమతి కావాలని చెప్పి, ఇబ్బందిగా లేచి వెళ్లిపోయాడు. మర్నాడు ఓరెన్ చూస్తుండగానే లువాన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అనుమతి అడగలేదనీ, తన దేశంలో చేపలమ్మే ఒకామెకు ఫోను చేసి కనుక్కున్నాననీ చెప్పాడు. పేరు నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు. గొంతులోంచి పలకాల్సిన పేరు. ఆమె పలికేదాకా ఆగి, తప్పు దిద్ది, మళ్లీ చెప్పాడు.

రత్నం దాన్ని దారి పొడుగునా అనుకుంటూ కొండెక్కింది.

"హ్లోమియెన్, వదినా."

"లోమేను," అంది దేముడమ్మ.

"హ్లోమియెన్."

"హలోమేను." తల అడ్డంగా ఊపింది. తప్పని తనకే తెలిసింది. పోలమ్మ లేచి కూర్చుని తానూ పెదాలు కదిపి చూస్తోంది. దేముడమ్మ కళ్లు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, మూడోసారి ఆ ఊరి పేరు తిన్నగా పలికింది.